చివరి వారం: నోట్సు తిరగేయడమా, మాక్ టెస్టులు రాయడమా?

ఎంట్రన్సుకు వారమే ఉందంటే చాలామంది చెయ్యి ముందు నోట్సు మీదికే పోతుంది. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, టెన్షన్ కూడా కాస్త తగ్గుతుంది. చిక్కంతా అక్కడే. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. హాల్లో కావలసింది రెండోది.

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించి చూశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మాత్రం, చదివింది చూడకుండా రాసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

అందుకే నా ఓటు మాక్ టెస్టుకే. టైం ఎక్కడ చాలడం లేదో, నెగెటివ్ మార్కులు ఎక్కడ పడుతున్నాయో కూడా అదే చెబుతుంది. అయితే మార్కులు చూసుకుని పక్కన పడేస్తే దండగే. రాసినంత శ్రద్ధగా తప్పులు వెతుక్కోవాలి (నాకు బద్ధకమేసేది ఇక్కడే).

నోట్సు? ఫార్ములాలకు, తప్పులు దొర్లిన అధ్యాయాలకు చాలు.

ఆఖరి రోజు మాత్రం లెక్క మారుతుంది. ఆ రోజు మాక్‌లో మార్కులు తగ్గితే ధైర్యం పోతుంది, సరిదిద్దుకునే టైమూ ఉండదు. ఫార్ములాల పేజీ ఓసారి చూసుకుని పెందలాడే పడుకోవడమే.