గుండెపోటు తర్వాత: ఎకోనా, ఎంఆర్‌ఐనా?

శ్రీకాకుళంలోనైనా మరెక్కడైనా మొదట చేసేది ఎకోనే, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్. మంచం దగ్గరే అరగంటలో అయిపోతుంది. గుండె గోడల కదలిక, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో స్పందనలో బయటికి నెట్టే రక్తం శాతం) తెలుస్తాయి. అయితే కదలని కండరమంతా చచ్చిపోయినట్టు కాదు. కొంత మొద్దుబారి, వారాల్లో కోలుకుంటుంది. అందుకే తొలి రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతమే ఉందని చూసి ఇంటిల్లిపాదీ బెంగపడటం తొందరపాటే.

ఎంఆర్‌ఐ నేరుగా చచ్చిన కండరం మిగిల్చే మచ్చనే చూపిస్తుంది. గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించి పది నిమిషాలు ఆగితే దెబ్బతిన్న చోటు తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు గోడ మందంలో సగం దాటితే, రక్తప్రసారం పునరుద్ధరించినా ఆ భాగం కోలుకునే అవకాశం తక్కువ. బైపాస్ చేయించాలా వద్దా అన్న సందేహముంటే, విశాఖ దాకా వెళ్లాల్సి వచ్చినా దండగ కాదు.

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వారు మాత్రం ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోవాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గడోలినియంతో జాగ్రత్త అవసరం. వారికి ఆరు వారాలాగి మళ్లీ ఎకో తీయించడమే నయమంటాను.