కువైట్ పాస్‌బుక్కు, అమెరికా లోన్ ఫైలు: ఏది మేలు?

తిరుపతిలో మా వీధి చివర టూవీలర్ మెకానిక్ షెడ్డు ఒకటి ఉంది. పోయిన నెల బండి సర్వీసుకు ఇచ్చి కూర్చుంటే, ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కనే స్టూలు లాక్కున్నాడు.

"సార్, మీరు బ్యాంకులో చేసినోళ్లు కదా, ఒక మాట చెప్పండి. మావోడు బీటెక్ అయిపోయినాడు. అమెరికాలో ఎమ్మెస్ అంటా ఉండాడు. వాళ్ల మేనమామేమో కువైట్‌కు రమ్మంటా ఉండాడు, వీసా ఆయనే తీస్తాడంట. యాడికి పంపిస్తే మేలు?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 1990లో ఉద్యోగంలో చేరాను. సర్వీసులో సగం పీలేరు వైపు కౌంటర్‌లో గడిచింది, మిగతా సగం తిరుపతిలో లోన్ల సీటులో. పీలేరు వైపు కువైట్ డబ్బు కోసం వచ్చేవాళ్లు. తిరుపతిలో అమెరికా చదువు కోసం వచ్చేవాళ్లు. కువైట్ కుటుంబం బ్యాంకు గుమ్మం ఎక్కేది డబ్బు తీసుకోవడానికి. అమెరికా కుటుంబం ఎక్కేది ఇల్లు తాకట్టు పెట్టడానికి. మనవాళ్ల రెండు వలసలనూ నేను ఈ రెండు రకాల కాగితాల్లోనే ఎక్కువగా చూశాను.

ముందు కువైట్ సంగతి. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలు, ఆ పక్కన రాయచోటి, రాజంపేట, కడప. ఈ ఊళ్ల నుంచి కువైట్ పోవడం నేను చేరేనాటికే మామూలు విషయం. వాన నమ్మకం లేదు, బోర్లు ఎండిపోతాయి, వేరుశనగ చేతికి వచ్చిన ఏడాది వచ్చినట్టు. ఏమీ లేని ఇంట్లోంచి మగవాడి కంటే ఆడమనిషే ముందు బయల్దేరడం చాలామందికి వింతగా ఉంటుంది. దానికి కారణం లెక్కలోనే ఉంది. మగవాడు కంపెనీ వీసాకు ఏజెంటుకు లక్షలు కట్టాలి. ఇంటి పనికి పోయే ఆడమనిషికి మామూలుగా వీసా, టికెట్టు అవతలి సేటే పెట్టుకుంటాడు. చేతిలో రూపాయి లేకపోయినా పోవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆరు నెలలకు 'నా వల్ల కాదు, ఇంటికి పోతా' అంటే, పెట్టిన డబ్బు కక్కమంటారు.

కువైట్ అని ఒకే మాటగా అంటాం గాని అక్కడ మనవాళ్లవి రెండు లోకాలు. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కాగితం, మీద 20 అని ఉంటే ఇంటి పని: వంట, పిల్లలను చూడడం, ఇంటి డ్రైవరు. దీన్ని ఖాదిమ్ వీసా అంటారు. 18 అని ఉంటే కంపెనీ ఉద్యోగం, షూన్ వీసా. 18 వాళ్లకు మామూలు కార్మిక చట్టం వర్తిస్తుంది. 20 వాళ్లకు 2015 దాకా సరైన చట్టమే లేదు. ఆ ఏడాది వచ్చిన చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంది, వారానికో సెలవు ఇవ్వాలంది, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదంది. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లని ఖాయం చేశారు. రాతలో అంతా బాగానే ఉంది. ఒకరి ఇంటి నాలుగు గోడల మధ్య ఆమె ఎన్ని గంటలు చేసిందో గడియారం పెట్టి చూసేది ఎవరు?

జీతం లెక్క చూద్దాం. దినారు 280 రూపాయల దగ్గర అనుకుంటే, 60 దినార్లంటే పదిహేడు వేలు. పని బాగా తెలిసిన మనిషికి 120 ఇస్తే దాదాపు 34 వేలు. తిండి ఖర్చు లేదు, అద్దె లేదు, ఇన్‌కమ్ టాక్స్ లేదు. కాబట్టి జీతంలో చాలా భాగం సొంతూరికి వస్తుంది. తిరుపతిలో ఇళ్లల్లో పని చేసే మనిషి అద్దె, తిండి పోను ఇంత మిగిల్చుకోవడం నేను చూడలేదు.

అయితే ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? పీలేరు దగ్గరి ఒక పల్లె నుంచి పోయిన ఒకావిడ పదకొండేళ్లకు తిరిగొచ్చి, పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంది. నిలువ 412 రూపాయలు. పుస్తకం ఆమెదే, ఏటీఎం కార్డు మాత్రం మొగుడి జేబులో. జీతం పడిన రెండో రోజుకల్లా డ్రా అయిపోయింది, పదకొండేళ్లూ అంతే. ఆమె ఏడవలేదు, కేకలు వేయలేదు. 'సార్, ఇంకో బుక్కు ఇవ్వండి, ఈ కార్డు పని చెయ్యకుండా చెయ్యండి' అంది. రెండోసారి పోయేముందు తన పేరుతో ఎన్నారై ఖాతా తెరిచి, కార్డు తనే పట్టుకుని పోయింది. నా సర్వీసులో ఎందరో పెద్ద రైతులకు, వ్యాపారులకు సలహాలు చెప్పాను. వాళ్లెవరూ ఇంత తెలివైన పని చేయలేదు.

కువైట్‌లో డబ్బు కంటే భద్రతే పెద్ద సమస్య. నేను చేరిన ఏడాదే, 1990 ఆగస్టులో, ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడున్న లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను ఎయిరిండియా విమానాల్లో తీసుకొచ్చారు. మా వైపు వాళ్లు కట్టుబట్టలతో దిగారు. ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం డాలర్లలో రావడానికి ఏళ్లు పట్టింది. ఆ డబ్బు జమ చేసేటప్పుడు కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లలో చాలామంది అప్పటికే మళ్లీ కువైట్‌కు పోయివచ్చినవాళ్లే! ఇటీవలి సంగతికొస్తే, 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు కాలిపోయింది. చనిపోయినవాళ్లలో నలభై మందికి పైగా మనదేశం వాళ్లే.

ఇప్పుడు లోన్ ఫైలు తెరుద్దాం. విదేశీ చదువుకు ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి అడుగుతాయి. అమెరికాలో ఎమ్మెస్ ఏడున్నర లక్షల్లో తేలే పని కాదు. నలభై లక్షలు అనుకుందాం. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు: నెలకు 55 వేలకు పైగా కట్టాలి. చదువుకునే కాలం వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. అబ్బాయికి అక్కడ ఉద్యోగం వస్తే ఈ కంతు ఒక లెక్క కాదు. రాకపోతే కొర్లగుంటలో ఇరవై ఐదు అంకణాల ఇంటి మీద, రిటైరైన తండ్రి పెన్షను మీద పడుతుంది. కువైట్‌లో పని కుదరకపోతే ఏజెంటు అప్పు మిగులుతుంది, అది కూడా తక్కువదేం కాదు. కాని ఇల్లు మిగులుతుంది.

గెలిచినవాళ్ల గెలుపు మాత్రం చిన్నది కాదు. 2023లో అమెరికాలోని భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 1,51,200 డాలర్లని అక్కడి పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ లెక్క తేల్చింది. అంటే సగం కుటుంబాలు అంతకంటే ఎక్కువే సంపాదిస్తున్నాయి. ఖాదిమ్ వీసా మనిషి జీవితాంతం కష్టపడినా అందుకోలేని అంకె అది. మన దేశానికి వచ్చే డబ్బులోనూ ఈ మార్పు కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు సర్వేలో 2016-17లో యూఏఈ వాటా 26.9 శాతంతో మొదటిది, అమెరికాది 22.9. 2023-24కి అమెరికా 27.7కు ఎక్కింది, యూఏఈ 19.2కు దిగింది. కువైట్ 5.5 నుంచి 3.9కి పడింది.

ఆ అంకెలు దారి దాటి అక్కడ నిలబడ్డవాళ్లవి. దారి సంగతి వేరు. చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే పని చేసుకునే అనుమతి, ఏడాది; ఇంజినీరింగ్, సైన్సు వాళ్లకు ఇంకో రెండేళ్లు. ఆ మూడేళ్లలోపు ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీ తగలాలి. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. తగిలాక ఆరేళ్లు ఊపిరి. ఆ పైన గ్రీన్‌కార్డు వరస. ఒక దేశానికి ఏడు శాతమే అన్న నియమం వల్ల 2025లోనూ మనవాళ్ల ఈబీ-2 (పై చదువు ఉన్న ఉద్యోగుల) వరస 2013లో అర్జీ పెట్టినవాళ్ల దగ్గరే పాకింది. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్లకు పెట్టే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు వేశారు. అక్కడే చదివి వీసా మార్చుకునే పిల్లలకు అది వర్తించదన్నారు గాని, అప్పటికే ఇక్కడ తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుంది.

ఈ రెండు వలసలూ ఒక్క చోట కలుస్తాయి. సేటు అయినా, కంపెనీ అయినా, మన ఉనికి ఇంకొకరి సంతకం మీద ఉంటుంది. ఉద్యోగం పోతే హెచ్-1బీ వాడికి అరవై రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ చూసుకోవాలి. టైము తక్కువే, అయినా తలుపు తెరిచే ఉంటుంది. పాత కంపెనీ సంతకం అవసరం లేదు. కువైట్ ఇంట్లో పని చేసే మనిషి మారాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వదలాలి. వదలకపోతే ఓర్చుకోవాలి, లేకపోతే పారిపోవాలి. పారిపోయి కాగితాల్లేకుండా బతికేవాళ్లను మనవాళ్లు 'కల్లివల్లి' అంటారు. తమాషా మాటలా వినిపిస్తుంది. 2018లో, మళ్లీ 2024లో క్షమాభిక్ష ప్రకటిస్తే అలాంటివాళ్లు ఎందరో ఇంటి ముఖం చూడగలిగారు. అన్నాళ్లు ఒంట్లో బాగాలేకపోయినా ఆస్పత్రికి పోవడానికి భయపడ్డవాళ్లు వాళ్లు.

పిల్లల విషయంలో తేడా ఇంకా పెద్దది. కువైట్‌కు కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 800 దినార్ల జీతం ఉండాలని 2024లో నియమం పెట్టారు. 120 దినార్ల తల్లికి అది అందే మాట కాదు. అందుకే పీలేరు వైపు బడుల్లో అవ్వల చేతుల్లో పెరిగే పిల్లలు కనిపిస్తారు. అమ్మ ప్రతి శుక్రవారం ఫోన్లో, రెండేళ్లకోసారి సూట్‌కేసుతో. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఆ దేశ పౌరసత్వమే దక్కుతూ వచ్చింది. అమ్మానాన్నల దగ్గరే పెరుగుతారు. అక్కడ ఒంటరి అయ్యేది ఇంకో తరం. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటులో ఇద్దరు ముసలివాళ్లు, మందుల డబ్బా, వాట్సాప్. కువైట్ వాడికి చెన్నై నుంచి ఐదు గంటల ప్రయాణం. సేటు పంపిస్తే తల్లి కర్మకు అందుకుంటాడు. అమెరికా వాడు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ లేదని, మళ్లీ లోపలికి రానిస్తారో లేదోనని చాలాసార్లు రాలేకపోతాడు. ఇది ఎక్కువ బాధా, అది ఎక్కువ బాధా అని నేను తూచలేను. అయితే ఎనభై ఏళ్ల తండ్రి ఒంటరితనం కంటే ఆరేళ్ల పిల్ల తల్లి లేకుండా పెరగడమే నాకు పెద్ద నష్టంగా అనిపిస్తుంది.

సంఘంగా నిలబడడంలో అమెరికావాళ్లు చాలా ముందున్నారు. అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా 1977 నాటిది. పిట్స్‌బర్గ్‌లో వెంకన్న గుడి వెలిసింది కూడా ఆ రోజుల్లోనే. కువైట్‌లో గుడి గోపురం కనిపించదు. శుక్రవారం సెలవు దొరికినవాళ్లు చర్చి ఆవరణలో తెలుగు ప్రార్థనలకు పోతారు, మసీదుకు పోతారు, లేకపోతే ఒకరి గదిలో పటం పెట్టుకుని భజన చేస్తారు. ఎన్నాళ్లున్నా తమది కాని దేశమని వాళ్లకు తెలుసు, అందుకే ఆశలన్నీ ఊళ్లోనే పెట్టుకుంటారు. పల్లెల్లో మిద్దెలు, బోర్లు, చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆ డబ్బుతోనే. అమెరికా డబ్బు ఎక్కువగా తిరుపతి చుట్టూ ప్లాట్ల ధరలను పెంచింది. ప్లాట్లున్నవాళ్లకు సంతోషమే, అద్దెకుండేవాళ్లను అడిగి చూడండి.

ఇదంతా మెకానిక్‌కు ఇంత విడమరచి చెప్పలేదు. మూడే అడిగాను. అబ్బాయి మేనమామ పంపేది ఏ నంబరు వీసా? తాకట్టు పెట్టేది ఉన్న ఒక్క ఇల్లేనా? అబ్బాయికి ఇక్కడ ఉద్యోగం దొరికే మార్గం ఏమైనా ఉందా?

ఇల్లు ఒక్కటే అన్నాడు. వీసా నంబరు తెలియదని బావమరిదికి అక్కడికక్కడే ఫోను చేశాడు. కొంచెం సేపటికి వాట్సాప్‌లో కాగితం వచ్చింది. నాకు చూపించాడు. 20.

"డ్రైవరు పనంట సార్. ఒక ఏడాది ఓర్చుకుంటే కంపెనీకి మార్పిస్తా అంటా ఉండాడు."

అలా మార్చుకునే అవకాశం 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలే ఇచ్చారని, దాన్ని నమ్ముకుని బీటెక్ చదివిన పిల్లోడిని పంపొద్దని చెప్పాను. 18 అయితే నేనే పొమ్మనేవాణ్ణి. అమెరికా మంచిదే గాని ఇప్పుడే వద్దు. శ్రీసిటీలోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో రెండేళ్లు చేయించు, చేతిలో కొంత డబ్బు, కొంత పని అనుభవం చేరాక చూద్దాం అన్నాను. ఆయనకు అంత నచ్చినట్టు లేదు. 'ఊరందరూ పోతా ఉంటే మనం ఇట్నే ఉండాల్నా' అన్నట్టు చూసి, బండి దగ్గరికి పోయి చైన్ బిగించడం మొదలుపెట్టాడు.

రెండు రోజుల తర్వాత అబ్బాయి ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, మా ఇల్లు పెట్టకుండా బ్యాంకులో ఎంత వరకు ఇస్తారు?" అని అడిగాడు.

"ఏడున్నర. అదీ ఎవరైనా పూచీ ఉంటే," అన్నాను.

జేబులోంచి ఫోను తీసి లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు.