మా ఇంటి పురిటి సంచి: ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కాన్పుకి హాస్పిటల్‌కి తీసుకెళ్లే సంచిని సర్దేది కడుపుతో ఉన్న మనిషి. తెరిచేది మాత్రం అమ్మో, అత్తగారో, భర్తో. నొప్పులు పడుతున్నప్పుడో, ఆపరేషన్ మత్తు దిగనప్పుడో "అమ్మాయ్, ప్యాడ్లు ఎక్కడ పెట్టావే?" అని అడిగితే జవాబు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? మా ఇంట్లో ఒకే సంచి నా రెండు కాన్పులకీ, ఆ తర్వాత మా తోడికోడలికీ, చెల్లెలికీ పనికొచ్చింది. నా మొదటి కాన్పు పుట్టింట్లో ఉండగా గుంటూరులో, నార్మల్. రెండోది విజయవాడలో, సిజేరియన్. ఇన్ని చేతులు మారాక నాకు గట్టిగా కుదిరిన మాట ఒకటే: సర్దని మనిషి కూడా అర్ధరాత్రి ఎవర్నీ అడగకుండా కావాల్సింది తీసుకోగలగాలి. ఒక్కో వస్తువునీ నేను ఆ లెక్కలోనే చూశాను.

ముందు సంచి సంగతి. ట్రాలీ సూట్‌కేసు వద్దు. నేల మీద పరిస్తేగానీ అది తెరుచుకోదు, మంచానికీ గోడకీ మధ్య అంత జాగా ఉండదు. పైన పొడుగు జిప్పు ఉండి నోరు బాగా తెరుచుకునే గుడ్డ బ్యాగు మేలు, మంచం కిందకి తోసేయొచ్చు. లోపల మాకు బాగా పనిచేసినవి చీరల కవర్లు. పట్టుచీరలు దాచుకోవడానికి బీసెంట్ రోడ్డులో అమ్ముతారే, లోపలున్నది పైకి కనబడే జిప్పు కవర్లు, అవే. ఒకదాని మీద "లేబర్ రూముకి", ఇంకోదాని మీద "బిడ్డ పుట్టగానే", మరోదాని మీద "అమ్మకి, తర్వాత" అని కాగితం రాసి అంటించాను. నర్సమ్మ బయటికొచ్చి "పాప బట్టలివ్వండి" అనగానే మా అమ్మ వెతుక్కోకుండా ఆ కవరు తీసి చేతిలో పెట్టేసింది. అందులో టోపీ, జబ్లా, సాక్సులు, పొత్తిళ్లు, న్యూబార్న్ డైపర్ ఉన్నాయి. ఎండాకాలమైనా టోపీ మానకండి. బయట రోహిణి కార్తె మండిపోతున్నా లోపల ఏసీ ఉంటుంది, అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్లు చప్పున చల్లబడుతుంది.

పొత్తిళ్ల విషయంలో మాత్రం నేను దేనికీ రాజీపడను. షాపుల్లో బొమ్మలేసి అమ్మే మెత్తటి దుప్పట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, వాటిలో సింథటిక్ కలిసినవి తడి పీల్చవు. మా అమ్మ తన పాత మంగళగిరి నూలు చీరలు తీసి, జరీ అంచు కత్తిరించేసి, దాదాపు మీటరు చదరంగా ముక్కలు చేసింది. గంజి పెట్టకుండా వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి మడిచింది. ఏళ్ల తరబడి కట్టిన నేత చీరకి ఉండే మెత్తదనం కొత్త గుడ్డకి రాదు. బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కొనకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో కూడా దీనికి ఎవరూ అడ్డు చెప్పరు. ఎన్ని పెట్టాలంటే, మీరు అనుకున్నదానికి రెట్టింపు. మొదట్లో బిడ్డకి వచ్చే నల్లటి విరేచనం తారులా అంటుకుంటుంది. ముందే పిరుదులకి కాస్త కొబ్బరినూనె రాసి ఉంచితే, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో తేలిగ్గా వస్తుంది. డైపర్ వేస్తే ముందువైపు అంచు బొడ్డు కిందకి మడవాలి. బొడ్డు ఊడేదాకా దాని మీద పౌడరూ నూనె ఏదీ పడనివ్వకూడదు.

నైటీల్లో అన్ని రకాలూ చూశాం. గుండీలవి ఒంటిచేత్తో విప్పలేం, రెండో చేతిలో బిడ్డ ఉంటుంది. టిచ్ బటన్లు ఉతికేకొద్దీ వదులైపోతాయి. జిప్పుదే గెలుపు, కాకపోతే ఇనుప జిప్పు బిడ్డ బుగ్గకి గీసుకుంటుంది. ప్లాస్టిక్ జిప్పుండి, దాని మీద గుడ్డ పట్టీ కప్పినవి చూసి తీసుకోండి. సిజేరియన్ అయితే లోదుస్తుల అంచు కుట్ల మీద కూర్చోకూడదు కాబట్టి, నడుము పైదాకా వచ్చే నూలువి ఒక సైజు పెద్దవి పెట్టుకోవాలి. ప్యాడ్లు మెటర్నిటీవే కావాలి. మామూలు పొడుగు ప్యాడ్లు మొదటి రెండు రోజులు ఆగవు.

ఒక లీటరు స్టీలు ఫ్లాస్కు ఈ సంచి మొత్తంలో ఎక్కువసార్లు చేతికొచ్చిన వస్తువు. రాత్రి క్యాంటీన్ మూసేశాక వేడినీళ్లు దొరకడం కష్టం. తాగడానికీ, బిడ్డని తుడవడానికి చల్లనీళ్లలో కలుపుకోవడానికీ అదే దిక్కు. దాని పక్కనే మూతున్న స్టీలు డబ్బాలో ఉగ్గుగిన్నె, చెంచా పెట్టండి. మా రెండోవాడికి కామెర్లొచ్చి నీలం లైటు కింద పెట్టినప్పుడు, పాలు పిండి ఆ గిన్నెతోనే పట్టించాం. మరగబెట్టడం తేలిక, పాలసీసా అవసరమే రాలేదు. తేనె, పంచదార నీళ్లు, గాడిదపాలు ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా సంచిలోకి రానివ్వకండి. బిడ్డకి మొదటి గంటలో అందాల్సినవి ముర్రుపాలు. ఏడాది నిండేదాకా తేనె నాలుకకి తగలకూడదు.

బేబీ పౌడరు, కాటుక, చిన్న బూట్లు, చదువుకోవడానికి పుస్తకం పెట్టినవి పెట్టినట్టే ఇంటికొచ్చాయి.

కాగితాల ఫైలు సంచిలో కలపకుండా విడిగా పట్టుకోవాలి. స్కానింగులు తేదీల వరసలో, అన్నిటికంటే పైన బ్లడ్ గ్రూపు రిపోర్టు. తల్లిది నెగటివ్ గ్రూపై బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజక్షన్ (తర్వాతి కాన్పులో బిడ్డకి ముప్పు రాకుండా వేసేది) పడాలి, ఆ హడావుడిలో వెతుక్కునే పని ఉండకూడదు. ఆధార్ జిరాక్సులు, ఇన్సూరెన్సు లేదా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు మామూలే. మా తోడికోడలు ఇంకో కాగితం చేర్చింది, అది నాకు చాలా నచ్చింది. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో, చిరునామాతో సహా పెద్దక్షరాల్లో రాసిపెట్టింది. పుట్టిన వివరాలు 21 రోజుల్లో రిజిస్టరు కావాలి. హాస్పిటల్‌వాళ్లే పంపుతారు గానీ, ఆ ఫారం నింపేటప్పుడు ఎదురుగా ఉండేది ఏ బాబాయో, మేనమామో. ఒక్కక్షరం తేడా వస్తే తర్వాత మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగాలి. బిడ్డ పేరుకి తొందర లేదు, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు.

తోడుగా ఉండేవాళ్లకీ ఒక కవరు కావాలి. వాళ్ల దుప్పటి, పొడుగు వైరున్న ఛార్జరు, చిల్లర, ముఖ్యంగా వాళ్ల మాత్రలు. కూతురి టెన్షన్‌లో అమ్మ తన బీపీ మాత్ర మర్చిపోతుంది. మా అమ్మ మాత్రల షీటు నేనే పైజేబులో పెట్టి, వేసుకునే వేళ రాసిచ్చాను.

34 వారాలకల్లా సంచి గుమ్మం దగ్గరుండాలి, నెలలు నిండకుండా కాన్పులు అవుతూనే ఉంటాయి. అలాగని ఇల్లంతా మోసుకుపోనక్కర్లేదు. విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ హాస్పిటల్ మెట్లు దిగితే మందుల షాపే, డైపర్లు తగ్గినా ప్యాడ్లు తగ్గినా నిమిషాల్లో వస్తాయి. పాత చీర పొత్తిళ్లు మాత్రం అక్కడ దొరకవు.

ఇప్పుడీ సంచి మా పిన్ని కూతురి దగ్గరికి వెళ్తోంది. కవర్లలో కొన్నిటి జిప్పులు పాడైతే కొత్తవి కొన్నాను, ఫ్లాస్కు మూత రబ్బరు మార్పించాను. ప్యాడ్లూ డైపర్లూ తను కొనుక్కోవాలి.