సన్న బ్యారెల్‌కి మర వేయించి సప్రెసర్ బిగించాను: కొన్ని సీజన్లు వాడాక

టెక్సస్‌లో అడవి పందుల వేటకి నేను వాడేది 243 విన్‌చెస్టర్ రైఫిల్ (తూటా వ్యాసం 0.243 అంగుళం). మోయడానికి తేలిక, అందుకే బ్యారెల్ కొస కూడా బాగా సన్నం, సుమారు 0.6 అంగుళం. ఇంత సన్న బ్యారెల్‌కి సప్రెసర్ (కొసకి బిగించే, చప్పుడు తగ్గించే గొట్టం) పనికిరాదని చాలామంది అంటారు. భేషుగ్గా పనికొస్తుంది, మర వేసే చెయ్యి మంచిదైతే.

30 క్యాలిబర్ (సుమారు 0.30 అంగుళం తూటా) సప్రెసర్లకి ఎక్కువగా వచ్చే మర 5/8-24. అంటే 0.625 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. నా బ్యారెల్ కొసే అంత లేదు. ఇక మిగిలింది 1/2-28. కొసని అర అంగుళానికి దింపితే మర వెనక మిగిలే మెట్టు చుట్టూ మిల్లీమీటరు పైచిలుకే. సప్రెసర్ వంకర లేకుండా కూర్చునేది ఆ మెట్టు మీదే. అందుకే గన్‌స్మిత్ ముందు రెండంగుళాలు కోసేద్దామన్నాడు. వెనక్కి పోయేకొద్దీ బ్యారెల్ లావెక్కుతుంది కాబట్టి మెట్టు కాస్త వెడల్పయింది, మొత్తం పొడవూ అదుపులో ఉంది. తూటా వేగం కొద్దిగా తగ్గినా పందుల్ని కొట్టే దూరంలో నాకేమీ తేడా తెలియలేదు.

లేత్ మీద సెంటర్ చేసేటప్పుడు బ్యారెల్ పైభాగాన్ని కాదు, లోపలి రంధ్రాన్ని చూడాలి. రెండూ కచ్చితంగా ఒకే కేంద్రం మీద ఉంటాయన్న గ్యారంటీ లేదు. పనయ్యాక ఆయన బోల్ట్ తీసేసి, సప్రెసర్ తగిలించి, రంధ్రానికి సరిపోయే స్టీలు కడ్డీ దూర్చి చూపించాడు. ముందు మూతలో కడ్డీ చుట్టూ సందు అన్నివైపులా సమానంగా కనిపించింది. ఆ సందు ఒక పక్కకి ఒరిగితే ఆ రైఫిల్ పేల్చకండి. తూటా లోపలి బ్యాఫిల్‌కి (సప్రెసర్ లోపలి అడ్డుపలకకి) తగిలితే సప్రెసర్ పగిలిపోతుంది.

ఇంకా చిన్న తూటాకి చేసిన 22 సప్రెసర్లకీ ఇదే 1/2-28 మర ఉంటుంది. మర ఎక్కింది కదా అని 243కి తగిలిస్తే అంతే సంగతులు! నాది 30 క్యాలిబర్‌ది, దాని రంధ్రం 243 తూటా కంటే పెద్దది; మౌంటు (బ్యారెల్‌కి బిగించే భాగం) మాత్రం 1/2-28. మీది సన్న బ్యారెల్ 308 (0.308 అంగుళం తూటా) అయితే ఈ మర వేయించకండి, గోడ మందం రెండు మిల్లీమీటర్లు కూడా మిగలదు.

సప్రెసర్ బరువుకి తూటా తగిలే చోటు మారింది. కానీ ప్రతిసారీ ఒకేలా మారుతుంది, కాబట్టి సప్రెసర్‌తోనే స్కోప్ జీరో చేసుకుని (గురి సరిచేసుకుని) ఇక తీయడం మానేశాను. వరసగా నాలుగైదు కాలిస్తే సన్న బ్యారెల్ వేడెక్కి గురి చెదురుతుంది, స్కోప్ ముందు ఆవిరి తేలినట్టు కనిపిస్తుంది. రేంజ్‌లో గంటలకొద్దీ కాల్చేవాళ్లకి ఇది కాదు, లావు బ్యారెల్ తీసుకోండి. వేటలో ఒకటి రెండు తూటాలతో పని అయిపోతుంది కదా, అక్కడ దీనికి నూటికి నూరు మార్కులు. వేడికి మర వదులవుతుంటుంది, మధ్యమధ్యలో చేత్తో బిగించి చూసుకోవాలి.

చప్పుడు సినిమాల్లోలా మాయం కాదు. తూటా ధ్వని వేగాన్ని దాటుతుంది కాబట్టి ఆ పగిలే శబ్దం ఉంటుంది. ఇయర్ ప్లగ్స్ నేను ఇప్పటికీ పెట్టుకుంటాను.

అమెరికాలో సప్రెసర్ మీద 1934 చట్టం కింద కట్టే 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. ఫారం, వేలిముద్రలు మాత్రం తప్పవు. మనవాళ్లలో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి అసలు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికే వేరే నిబంధనలున్నాయి, కొనే ముందు లాయర్‌ని అడగండి.