ఎన్‌సీఈఈఎస్ రికార్డ్: ఏడెనిమిదేళ్లు వాడాక

అమెరికాలో సివిల్ ఇంజినీరింగ్ చేసే మనవాళ్లు చాలామంది పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ అంటే పరీక్షే కష్టం అనుకుంటారు. పరీక్ష ఒకసారి పాసైతే ఆ గొడవ వదిలిపోతుంది. ముందు రాసే ఎఫ్ఈ (ఫండమెంటల్స్ పరీక్ష), ఆ తర్వాతి పీఈ పరీక్ష దేశమంతటికీ ఒకటే, ఫలితాన్ని ఏ రాష్ట్రమైనా ఒప్పుకుంటుంది. లైసెన్స్ సంగతి అలా కాదు. 50 రాష్ట్రాలు, పైగా వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గ్వామ్ లాంటివి. ఎవరి బోర్డు వాళ్లది, ఎవరి ఫారం వాళ్లది, ఫీజు కూడా ఎవరికి వాళ్లకే.

నాది సైట్ డెవలప్‌మెంట్ పని. షాపులకీ గోడౌన్లకీ గ్రేడింగ్, వాననీటి పైపులు, డిటెన్షన్ పాండ్‌లు డిజైన్ చేస్తాను. క్లయింట్ ఈ ఏడాది టెక్సాస్‌లో కడతాడు, వచ్చే ఏడాది నార్త్ కరొలైనా అంటాడు. డ్రాయింగు మీద నా సీల్ పడాలంటే ఆ రాష్ట్రం లైసెన్స్ ఉండాలి. లేకుండా పని చేయడమే కాదు, చేస్తానని ప్రపోజల్ పంపినా చాలా రాష్ట్రాల్లో తప్పే. అందుకని ఎన్‌సీఈఈఎస్ రికార్డ్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆరేడు రాష్ట్రాల్లో సీల్ ఉంది.

ఎఫ్ఈ, పీఈ పరీక్షలు పెట్టే సంస్థ పేరే ఎన్‌సీఈఈఎస్, ఈ రికార్డ్‌నీ అదే నడుపుతుంది. మన చదువు, పరీక్షల ఫలితాలు, ఉద్యోగ అనుభవం, ఐదుగురి రిఫరెన్సులు (ముగ్గురు పీఈలై ఉండాలి) అన్నీ సరిచూసి ఒకచోట ఉంచుతారు. కొత్త రాష్ట్రం కావాల్సినప్పుడు ఆ బోర్డుకి ఫైలు పంపమని నొక్కితే చాలు. పెళ్లిళ్ల పేరయ్యకి బయోడేటా ఇచ్చినట్టే: ఒకసారి ఇస్తే ఎన్ని సంబంధాలకైనా ఆయనే చూపిస్తాడు, ఒప్పుకోవడం మాత్రం అవతలివాళ్ల ఇష్టం. రికార్డ్ పెట్టుకోవడానికి డబ్బు తీసుకోరు, పంపినప్పుడల్లా తీసుకుంటారు. బోర్డు ఫీజు మళ్లీ వేరు.

నన్నడిగితే, ఒకటి రెండు రాష్ట్రాలతో సరిపెట్టుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు. మూడోది వస్తుందేమో అన్న అనుమానం ఉంటే మాత్రం, మొదటి లైసెన్స్ చేతికి రాగానే మొదలుపెట్టండి. అప్పటికి పాత బాసులు ఇంకా ఫోన్ ఎత్తుతుంటారు. నా మొదటి బాస్ ఇప్పుడు రిటైరై, లైసెన్స్ కూడా వదిలేసి, ఎక్కడో చేపలు పట్టుకుంటున్నారు. ఆయన కింద చేసిన అనుభవానికి ఆయన సంతకం అప్పటికే రికార్డ్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను.

మనవాళ్లకి అసలు తలనొప్పి డిగ్రీ దగ్గర మొదలవుతుంది. బోర్డులు అడిగేది ఎబెట్ (ఇక్కడి ఇంజినీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న బ్యాచిలర్స్. ఇక్కడ చేసిన ఎంఎస్ సరిపోతుందిలే అనుకుంటాం. కానీ ఇక్కడి యూనివర్సిటీలు ఎబెట్ గుర్తింపు తెచ్చుకునేది ఎక్కువగా బ్యాచిలర్స్‌కే. కాబట్టి మన బీటెక్‌కి క్రెడెన్షియల్స్ ఇవాల్యుయేషన్ చేయించాలి. మ్యాథ్స్, సైన్సు కలిపి 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ సబ్జెక్టులు 48 ఉన్నాయా అని లెక్క చూస్తారు. ఒక దేశం గుర్తించిన ఇంజినీరింగ్ డిగ్రీని ఇంకో దేశం సమానంగా చూడాలన్న ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్. "మన దేశం అందులో ఉంది కదా" అని కొందరు ధీమాగా అంటుంటారు. 2014 నుంచి ఉన్న మాట నిజమే. అయితే అది మన దేశంలో కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ నుంచి టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. పైగా సంతకాలు పెట్టుకున్నవి గుర్తింపు ఇచ్చే సంస్థలు, లైసెన్స్ ఇచ్చే బోర్డులు కావు. నా డిగ్రీ ఎలాగూ అంతకుముందుది.

ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచే సీల్ వేసిన కవర్లో తెప్పించాల్సి వచ్చింది. ఆ పని మా తమ్ముడి నెత్తిన పడింది. వాడు ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్లినప్పుడల్లా ఒకటే మాట: "కవరు మీద సంతకం పెట్టే సారు లీవులో ఉన్నారు, రేపు రండి." చివరికి సంతకం అయితే పడింది గానీ, స్టాంపు కవరు అతుకు మీద కాకుండా పక్కన కొట్టారు. తమ్ముడు అక్కడే నిలబడి మళ్లీ కొట్టించాడు. అలా నిలబడేవాళ్లు ఊళ్లో లేకపోతే ఏం చేస్తారో తలుచుకుంటేనే టెన్షన్.

తర్వాత పేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరం. బీటెక్ మెమోల్లోనూ అంతే. పాస్‌పోర్టులో అది పూర్తిగా విప్పి రాశారు. పెళ్లయ్యాక గ్రీన్‌కార్డు కాగితాల్లో మా ఆయన ఇంటిపేరు చేరింది. ఇంజినీరు ఒక్కరే, పేర్లు మూడు. రికార్డ్‌లో పాత పేర్లు కూడా నమోదు చేసుకుంటారు, అది మంచి విషయం. కానీ ఒక రాష్ట్రం బోర్డు వాళ్లు ఫైలు అందలేదని వారాల తరబడి చెప్పారు. రికార్డ్ చూస్తే అందినట్టే ఉంది. ఫోన్ చేసి, పట్టువదలకుండా మళ్లీ చేసి, ఆఖరికి "నా పుట్టింటి ఇంటిపేరుతో ఒకసారి వెతకండి మేడమ్" అంటే దొరికింది. అప్పటికి ఆ విడత బోర్డు మీటింగు అయిపోయింది. మళ్లీ మీటింగు దాకా మా క్లయింట్‌కి సర్ది చెప్పడం మా మేనేజర్ పనైంది. మీరు దరఖాస్తు చేస్తుంటే, ఫైలు వెళ్లిన రెండో రోజే బోర్డుకి ఫోన్ చేసి ఏ పేరు మీద పెట్టారో అడగండి.

అనుభవం రాసేటప్పుడు డిగ్రీ అయిన నెల నుంచి ఇవాళ్టిదాకా ఖాళీ లేకుండా లెక్క చెప్పాలి. నేను పెళ్లి చేసుకుని హెచ్4 మీద వచ్చాను. అప్పట్లో హెచ్4కి పని అనుమతే లేదు. 2015 మేలో రూలు మారింది, అదీ అందరికీ కాదు. రికార్డ్‌లో ఆ ఖాళీకి "డిపెండెంట్ వీసా, పనిచేయడానికి అనుమతి లేదు" అని రాస్తే సరిపోయింది. ఒక బోర్డు మాత్రం ఆ కాలంలో ఏం చేశారో వివరించండి అని ఉత్తరం రాసింది. పిల్లాణ్ని పెంచాను, జీఆర్‌ఈకి చదివాను అని రాశాను. తిరుగు ప్రశ్న రాలేదు.

రికార్డ్ చేయలేని పనులు కొన్ని ఉన్నాయి, ముందే తెలిస్తే తిట్టుకోరు. కాలిఫోర్నియాలో సివిల్ పీఈకి భూకంపాల మీద ఒకటి, సర్వేయింగ్ మీద ఒకటి వేరే పరీక్షలు రాయాలి. టెక్సాస్‌లో వాళ్ల చట్టం, నైతిక నియమాల మీద ఆన్‌లైన్ పరీక్ష. ఇల్లినాయిలో స్ట్రక్చరల్ వాళ్లకి ఎస్ఈ అనే లైసెన్స్ విడిగా ఉంది. కొన్నిచోట్ల వేలిముద్రలు, కొన్నిచోట్ల నోటరీ. చాలాచోట్ల కంపెనీకి ఆ రాష్ట్రంలో వేరే రిజిస్ట్రేషన్ కావాలి, మీ లైసెన్స్ వచ్చినా అది లేకపోతే పని ఆగుతుంది.

ఇదంతా ఎందుకు ఇలా ఉంది అంటే, లైసెన్స్ చట్టాల్లో కొన్ని ఆయా రాష్ట్రాలు తిన్న దెబ్బల నుంచి పుట్టాయి. మొదటిది 1907లో వయోమింగ్. లాయర్లు, నోటరీలు ఇంజినీర్లమని సంతకాలు పెట్టి నీటి వాడకం మ్యాపులు దాఖలు చేస్తుంటే ఆ చట్టం తెచ్చారు. కాలిఫోర్నియాలో 1928లో సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ తెగి వందలమంది పోతే, మరుసటి ఏడు సివిల్ ఇంజినీర్ల చట్టం వచ్చింది. టెక్సాస్‌లో 1937లో న్యూ లండన్ స్కూల్లో గ్యాస్ పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే అక్కడా చట్టం. అందుకే భూకంపాల పరీక్షని నేను తప్పుపట్టను. నాకు ఒళ్లు మండేది, ఒకే బీటెక్‌నీ ఒకే బాస్‌నీ ఒక్కో బోర్డు కొత్తగా అనుమానించడం చూసి. నర్సులకి కాంపాక్ట్ ఉంది, ఒక్క లైసెన్స్‌తో దానిలో చేరిన రాష్ట్రాలన్నిటా పనిచేయొచ్చు. ఇంజినీర్లకి అలాంటిది లేదు. అరిజోనా 2019లో వేరే రాష్ట్రాల లైసెన్సులని గుర్తిస్తూ చట్టం చేసింది గానీ, అది అక్కడ కాపురం పెట్టేవాళ్లకి. టెక్సాస్‌లో కూర్చుని అక్కడి గోడౌన్ డిజైన్ చేసే నాకు పనికిరాదు.

బోర్డులు ఎంత దూరం పోగలవో తెలియాలంటే ఒరెగాన్‌లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ కథ వినాలి. భార్యకి రెడ్‌లైట్ టికెట్ వస్తే, పసుపు లైటు ఎంతసేపు వెలగాలో ఆయన లెక్క కట్టి, నేను ఇంజినీర్‌నని ఉత్తరం రాశాడు. లైసెన్స్ లేకుండా ఆ మాట అన్నందుకు బోర్డు 500 డాలర్లు జరిమానా వేసింది. ఆయన కోర్టుకెళ్లి 2018లో గెలిచాడు. మీ ఈమెయిల్ సంతకం కింద ఏం రాసుకున్నారో ఒకసారి చూసుకోండి.

లైసెన్సులు వచ్చాక వాటిని నిలుపుకోవడం ఇంకో పని. టెక్సాస్‌కి ఏడాదికి 15 గంటల చదువు చూపించాలి. ఫ్లోరిడాకి రెండేళ్లకి 18, అందులో వాళ్ల చట్టాల మీద ఒక గంట, ఎథిక్స్ మీద ఒక గంట. న్యూయార్క్‌కి మూడేళ్లకి 36. కాలిఫోర్నియా అసలు అడగదు. గంటలు రాసుకోవడానికి ఎన్‌సీఈఈఎస్ ఖాతాలోనే ఒక ట్రాకర్ ఉంది. సర్టిఫికెట్లు అందులోకి ఎక్కిస్తే ఏ రాష్ట్రానికి ఎన్ని గంటలు తక్కువో అదే చూపిస్తుంది. రికార్డ్ కంటే నేను ఎక్కువగా తెరిచేది దాన్నే. అది కూడా లేకపోతే ఎక్సెల్ షీటుతో పడాల్సిన పాట్లు ఎవరికీ వద్దు.

పని లేని రాష్ట్రం లైసెన్స్ వదిలేద్దామనుకుంటే గడువు దాటనివ్వకండి, బోర్డుకి చెప్పి ఇనాక్టివ్‌లో పెట్టించుకోండి. మీ లైసెన్స్ ఎప్పుడైనా లాప్స్ అయిందా అని తర్వాత దరఖాస్తు చేసే చోట అడిగితే, ఎందుకో రాయడానికి ఇంకో కాగితం తయారవుతుంది.