పాత పబ్బుని బాగుచేయాలంటే ఏది మేలు: ఉన్నది కాపాడుకోవడమా, పోయింది తిరిగి కట్టడమా?

జూబ్లీహిల్స్‌లో పబ్బు అంటే డీజే, మసక చీకటి, పక్కవాడి మాట వినపడని మ్యూజిక్. లండన్‌లోనో బెల్‌ఫాస్ట్‌లోనో ఒక పాత పబ్బులోకి అదే ఊహతో వెళ్తే కాస్త తికమక పడతాం. మధ్యాహ్నం మూడింటికి కిటికీ పక్కన ఒక ముసలాయన గ్లాసు బీరు ముందు పెట్టుకుని పేపర్ చదువుతుంటాడు. ఆయన్ని లేవమనేవాళ్లు ఉండరు. పబ్బు అసలు పేరు పబ్లిక్ హౌస్. మన ఊళ్లో దానికి దగ్గరి చుట్టం ఏదంటే, ఒక్క చాయ్ మీద గంటన్నర కూర్చోనిచ్చే ఇరానీ హోటల్ అని చెప్పాలి.

ఇలాంటి పాత పబ్బులను బాగుచేసినవాళ్లకు బ్రిటన్‌లో ప్రత్యేకంగా అవార్డులున్నాయి. మంచి బీరు కోసం 1971లో మొదలైన కామ్రా అనే వినియోగదారుల సంఘం వీటిని ఇస్తుంది. చారిత్రక కట్టడాలు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్, విక్టోరియన్ సొసైటీ కూడా ఇందులో చేయి కలుపుతాయి. పాతదాన్ని పరిరక్షించినందుకు ఒకటి, రూపు మార్చి బాగుచేసినందుకు ఒకటి, వేరే భవనాన్ని పబ్బుగా మార్చినందుకు మరొకటి, ఇలా విభాగాలుంటాయి. అంటే దారులు వేరువేరని అవార్డులిచ్చేవాళ్లే ఒప్పుకున్నట్టు. మరి వాటిలో ఏది మేలు?

అది తేల్చాలంటే ముందు పాత పబ్బు లోపల ఏముండేదో తెలియాలి. 1890లలో బ్రూవరీల (బీరు తయారుచేసే కంపెనీల) మధ్య విపరీతమైన పోటీ ఉండేది. కొత్త లైసెన్సులివ్వడానికి మేజిస్ట్రేట్లు ఇష్టపడేవారు కాదు. దాంతో బ్రూవరీలు ఉన్న పబ్బులనే కొని, మహాగని చెక్క, నగిషీ అద్దాలు, రంగు టైల్స్‌తో చిన్న సైజు రాజమహళ్లలా తయారుచేశాయి. మధ్యలో కౌంటర్, చుట్టూ చెక్క పార్టిషన్లతో చిన్న చిన్న గదులు. కూలీలకు ఒక వైపు, గుమాస్తాలకు ఇంకో వైపు. గదిని బట్టి ధర కూడా మారేది. మరీ చిన్న గదిని స్నగ్ అంటారు. పాత ఆంధ్రా హోటళ్లలో కర్టెన్ వేసిన ‘ఫ్యామిలీ రూమ్’ గుర్తుందా? అదే ఇది, కాకపోతే ఇక్కడ కర్టెన్ బదులు చెక్క తలుపు. కొన్ని పబ్బుల్లో కౌంటర్ మీద తిరిగే చిన్న గాజు రెక్కలు కూడా ఉండేవి. గ్లాసు తీసుకుని రెక్క మూసేస్తే, తాగుతున్నదెవరో అవతలివాళ్లకు కనిపించదు. పరువు గలవాళ్ల తిప్పలు అన్నమాట.

1960లు, 70లు వచ్చేసరికి ఈ గదులు పాత చింతకాయ పచ్చడి అయిపోయాయి. అంతా ఒకే హాలుగా ఉంటే పనివాళ్లకు అందరూ కనిపిస్తారు, గొడవలు పసిగట్టడం సులువు, మనుషులూ ఎక్కువమంది పడతారు. దాంతో ఊరూరా పార్టిషన్లు పీకేశారు. నా లెక్కలో పబ్బుకి జరిగిన అసలు నష్టం ఇదే. పగిలిన టైలు మళ్లీ అతికించవచ్చు. గది పోతే, ఇద్దరు మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకునే వీలు కూడా దానితోనే పోతుంది. అందుకే కింది పబ్బులన్నిటినీ మెరుపు చూసి కాకుండా గదులు చూసి తూస్తున్నాను.

మొదటి దారి, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం. దీనికి ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని క్రౌన్ లిక్కర్ సెలూన్‌ని మించింది లేదు. ఎర్ర గ్రానైట్ కౌంటర్, గ్యాస్ దీపాలు, ఎ నుంచి జె దాకా అక్షరాలు వేసిన పది స్నగ్గులు. లోపల కూర్చుని పిలవడానికి గంట, అగ్గిపుల్ల గీసుకోవడానికి లోహపు పలక. చర్చిల పనికి వచ్చిన ఇటలీ పనివాళ్లను రాత్రిళ్లు రప్పించి ఈ టైల్స్, చెక్కపని చేయించారని చెప్పుకుంటారు. గుమ్మంలో నేల మీద మొజాయిక్‌తో చేసిన కిరీటం ఉంది. దానికీ ఒక కథ ఉంది. రాజరికాన్ని అభిమానించే యజమాని భార్య పబ్బుకి క్రౌన్, అంటే కిరీటం, అనే పేరే పెట్టాలని పట్టుబట్టిందట. ఐరిష్ జాతీయవాది అయిన భర్త సరేనని, వచ్చేవాళ్లంతా తొక్కుకుంటూ పోయేలా కిరీటాన్ని నేల మీద వేయించాడట. నిజమో కాదో గానీ, బెల్‌ఫాస్ట్ రాజకీయం అంతా ఆ గడపలోనే కనిపిస్తుంది.

రోడ్డుకి అవతల యూరోపా హోటల్. ఉత్తర ఐర్లాండ్ అల్లర్ల కాలంలో లెక్కలేనన్ని బాంబులు తిన్న హోటల్ అది. అక్కడ పేలినప్పుడల్లా ఇక్కడి అద్దాలకు ముప్పే. అలాంటి రోజుల్లో, 1978లో చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఈ పబ్బుని కొంది. 1981లో సుమారు నాలుగు లక్షల పౌండ్లతో మరమ్మతు చేసింది, 2007లో మరోసారి బాగుచేయించింది. గదులు పోలేదు, కౌంటర్ కదల్లేదు. మార్కులు వేయమంటే నూటికి నూరు. లోటు ఒకటే: పేరు మరీ పెరిగిపోయింది. ఫోటోల కోసం వచ్చే టూరిస్టుల మధ్య స్నగ్ దొరకడం గగనం. పేపర్ చదువుకునే ముసలాయన ఎటు పోయాడో మరి.

రెండో దారి, పీకేసినదాన్ని తిరిగి కట్టడం. లండన్ హోబర్న్‌లోని ప్రిన్సెస్ లూయిస్ 1872 నాటి పబ్బు, విక్టోరియా రాణి కూతురి పేరు పెట్టుకుంది. లోపలి అలంకారం 1891 నాటిది. టైల్స్, అద్దాలు, ఆఖరికి మగవాళ్ల టాయిలెట్‌లో పాలరాతి పనితనం కూడా కాలానికి తట్టుకున్నాయి. పోయినవి పార్టిషన్లు. యార్క్‌షైర్‌కి చెందిన శామ్యూల్ స్మిత్ బ్రూవరీ 2007–08లో ఆ చెక్క గదులను మళ్లీ కట్టించింది. ఆ పనికి కామ్రా డిజైన్ అవార్డు వచ్చింది.

ఇక్కడే పరిరక్షణవాదులు కొందరు మొహం చిట్లిస్తారు. కొత్త చెక్కకు పాత వేషం వేయడం మోసం కాదా అని. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఏది 1891, ఏది 2008 అన్నది చూసేవాడికి తెలియాలి కదా. కానీ పార్టిషన్లు లేని ఆ టైల్స్ గది ఏమిటి? ఖరీదైన రైల్వే వెయిటింగ్ హాలు. గదులు తిరిగొచ్చాక జనం కూర్చునే తీరే మారుతుంది. నలుగురు పట్టే చోట నలుగురే కూర్చుంటారు, ఆరుగురైతే మోకాళ్లు తగులుతాయి, అపరిచితుడితో మాట కలుస్తుంది. ఆ బ్రూవరీ పబ్బుల్లో మ్యూజిక్ ఉండదు, టీవీ ఉండదు. 2019లో మొబైల్ వాడకం కూడా వద్దంది. చాదస్తమే, ఒప్పుకుంటాను. కానీ ఆ గదులకు ఆ చాదస్తం సరిపోయింది.

మూడో దారి, పబ్బే కానిదాన్ని పబ్బుగా మార్చడం. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో 1888లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ శాఖగా తెరిచిన భవనం 1975 దాకా ఆ పనే చేసింది, 1990లలో పబ్బు అయింది. తలెత్తి చూసే కప్పు, షాండ్లియర్లు, నడిమధ్యన కౌంటర్. వెదర్‌స్పూన్ అనే పబ్బుల చైన్ పాత సినిమా హాళ్లు, బ్యాంకులు, చర్చిలు కొని ఇదే పని చేస్తుంది. ఏ బ్రాంచికి ఆ బ్రాంచి ప్రత్యేకంగా కార్పెట్ డిజైన్ చేయించడం దాని సరదా. తాళం పడాల్సిన భవనాలకు ఇది మంచి గతే. కానీ పబ్బుగా చూస్తే నాకు ఆనదు. అది పెళ్లి చేసుకోవడానికి బాగుండే హాలు, కబుర్లకు కాదు.

ఇక పూర్తిగా కూల్చేస్తే? లండన్ మైడా వేల్‌లోని కార్ల్‌టన్ టావర్న్ 1920–21 నాటిది. దాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చబోతుండగా, 2015 ఏప్రిల్‌లో యజమానులు అనుమతి లేకుండా నేలమట్టం చేశారు. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఊరుకోలేదు, ఎలా ఉండేదో అలాగే కట్టి తీరాలంది. జాబితా కోసం ముందే ఫోటోలు తీసి, టైల్స్ అచ్చులు పోసి ఉంచారు గనుక అది సాధ్యమైంది. 2021లో మళ్లీ తలుపులు తెరిచింది. దీన్ని పునరుద్ధరణ అనడం కంటే శిక్ష అనడం సబబు. ఇంకో బిల్డర్ బుల్‌డోజర్ తోలేముందు ఆలోచిస్తాడు, ఆ మేరకు మేలు.

నా తూకంలో కట్టడంగా క్రౌన్‌కే మొదటి స్థానం, దానికి ఎదురు లేదు. కానీ క్రౌన్‌లా అన్నీ మిగిలిన పబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టాలి. మిగతావన్నీ ఎంతో కొంత పోగొట్టుకున్నవే. వాటికి పనికొచ్చే దారి ప్రిన్సెస్ లూయిస్‌దే, ఆధారాలు దొరికినంత వరకు. లండన్‌లో ఉన్న మనవాళ్లెవరైనా ఒక్కటే చూస్తామంటే అక్కడికే పంపుతాను. ఆఫీసులు వదలకముందే వెళ్లండి, ఆరు దాటితే నిలబడటానికి కూడా చోటుండదు. బీరు తాగకపోయినా ఫర్వాలేదు, నిమ్మకాయ సోడా తెచ్చుకుని మూల గదిలో కూర్చోండి. ఫోన్ మాత్రం జేబులోనే.