క్లౌడా, ఇంట్లోని డిస్కా?

విజయవాడ పటమటలో మా గేటుకు కెమెరాలు బిగించే ముందు దృశ్యాలను దాచే రెండు పద్ధతులనూ పోల్చి చూశాను. క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచుకుంటే, దొంగ కెమెరాను పీకి పట్టుకుపోయినా అప్పటివరకు ఎక్కిన దృశ్యాలు పదిలంగా ఉంటాయి. అయితే చందా ఆగిపోతే పాత రికార్డింగులు సాధారణంగా చెరిగిపోతాయి, పైగా అవి కాగితం మీద మనవే అయినా, ఎన్‌క్రిప్షన్ తాళం (ఇతరులు చూడలేకుండా సంకేతాలుగా మార్చిన దృశ్యాలను తెరిచే తాళం) కంపెనీ దగ్గరే ఉన్నప్పుడు వాటిని తెరవగలిగేది మనమొక్కరమే కాదు. ఈ రెండో విషయమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

ఇంట్లోనే ఉంచే రికార్డర్ పెట్టెలోని డిస్కుకు నెలనెలా రుసుము లేదు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డు చేసే కెమెరా రోజుకు సుమారు 43 జీబీ నింపుతుంది కనుక, 1 టీబీ డిస్కులో దాదాపు 23 రోజుల దృశ్యాలు నిలుస్తాయి. దొంగ ఆ పెట్టెనే ఎత్తుకుపోతే మాత్రం ఏమీ మిగలదు. అయినా డిస్కునే ఎంచుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. మే ఎండలకు గాలి ఆడేలా బీరువా వెనుక చిల్లు పెట్టించక తప్పలేదు.